పద్దెనిమిది

పదకొండు దాటింది. రెండుసార్లు లైటు ఆర్పి పడుకున్నాను, రెండుసార్లూ లేచి వచ్చి ఇక్కడ కూర్చున్నాను. ఒక అంకె నిద్ర పట్టనివ్వడం లేదు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మా అన్న కూతురు బుజ్జి మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి వైటల్స్ చూస్తోంది. నర్సింగ్ పరీక్షలు దగ్గర పడ్డాయి కదా, ఇంట్లో ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్ళ చెయ్యి పట్టుకుంటోంది. మొన్న పాలాయనకు కూడా బీపీ చూసి పంపింది. ఆ పట్టీ చుట్టే తీరు, మోచేతి మడతకు రెండు వేళ్ళ పైన అంచు వచ్చేలా సర్దడం, అన్నీ నేను నేర్పినట్టే చేస్తోంది. చెప్పులు విడుస్తూ అక్కడే నిలబడి చూశాను. సంతోషం వేసింది. అది ఒక రెండు నిమిషాలు ఉంది.

"అత్తా, రాసినా, చూడు" అని చీటీ చేతికిచ్చింది. టెంపరేచర్ 98.4, పల్స్ 88, రెస్పిరేషన్ 18, బీపీ 140/80.

నేను వచ్చినప్పటి నుంచి కళ్ళు ఆ పిల్ల మీదే ఉన్నాయి. అది అమ్మ ఛాతీ వైపు గానీ, పొట్ట వైపు గానీ ఒక్కసారి కూడా చూడలేదు. మరి ఈ 18, నిమిషానికి ఎన్ని ఊపిర్లో ఆ లెక్క, ఎక్కడి నుంచి వచ్చింది?

అడిగాను. "అందరం అదే రాస్తాం అత్తా. నార్మల్ 12 నుంచి 20 కదా" అంది. దాచలేదు, తడబడలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. తప్పు చేశానని తెలిస్తే కదా తడబడేది.

బ్యాగు పక్కన పడేసి అమ్మ మణికట్టు పట్టుకున్నాను. పల్స్ చూస్తున్నట్టే ఉండి ఊపిరి లెక్కపెట్టాను, నిండా ఒక నిమిషం. 24 వచ్చింది. అమ్మ అంతకు ముందే మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగిందట. పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 20. జబ్బేమీ లేదు, మెట్లెక్కి దిగిన ఆయాసం. కానీ ఆ చీటీలో ఆయాసమూ లేదు, మెట్లూ లేవు. 18 ఉంది, అంతే.

గట్టిగానే అరిచాను. జేజి ఊపిరి చూడకుండా పుస్తకంలో ఉన్న ఊపిరి రాశావని అన్నాను. పల్స్ తప్పు రాస్తే రేపు ఇంకొకరు చూస్తారు, బీపీ తప్పు రాస్తే డాక్టరు మళ్ళీ చూస్తాడు, రెస్పిరేషన్ మాత్రం నువ్వు రాసిందే చివరి మాట, దాన్ని మళ్ళీ ఎవరూ చూడరు అన్నాను. నిజమే కదా. మనిషి లోపల ఏదైనా చెడుతుంటే చాలాసార్లు అన్నిటికంటే ముందు మారేది ఊపిరే. బీపీ నిలకడగా ఉన్నట్టు కనిపిస్తూనే ఉంటుంది, ఊపిరి వేగం మాత్రం గంట గంటకూ పెరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి మిషన్లు అక్కర్లేదు, ఒక నిమిషం కావాలి.

"పోనీలేమ్మా, పిల్ల చదువుకుంటాంది, ఆ అరుపులేంటికి" అంది అమ్మ. బుజ్జి పుస్తకాలు తీసుకుని లోపలికి పోయింది. రాత్రి రొట్టె కూడా సరిగ్గా తినలేదు.

అంత కోపం ఎందుకొచ్చిందో అన్నం గిన్నెలు సర్దుతున్నప్పుడు తెలిసింది. ముందు ఆ జిరాక్స్ పుస్తకం సంగతి చెప్పి అక్కడికి వస్తాను, దాని మీద కూడా కడుపు మండుతోంది.

కాలేజీ దగ్గర జిరాక్స్ షాపులో స్పైరల్ వేసి అమ్ముతున్నారు, ఇంపార్టెంట్ క్వశ్చన్లని. క్లాసులో అందరి దగ్గరా అదే ఉందట. బుజ్జి వదిలేసి వెళ్ళిన దాన్ని తిరగేశాను. డ్రిప్ లెక్క ఉంది. 1000 మిల్లీలీటర్లు 8 గంటల్లో పోవాలి, నిమిషానికి ఎన్ని చుక్కలు? మిల్లీలీటర్లను, ఒక మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో చెప్పే డ్రాప్ ఫ్యాక్టర్‌తో హెచ్చించి నిమిషాలతో భాగించమని సూత్రం సరిగ్గానే ఇచ్చారు. డ్రాప్ ఫ్యాక్టర్ మాత్రం 15 అని రాసి ఊరుకున్నారు. జవాబు 31. మా వార్డులో వాడే సెట్టు ప్యాకెట్ మీద 20 అని ఉంటుంది. దానితో అయితే 42 చుక్కలు పోవాలి. ఈ పుస్తకం నమ్మి 31 పెడితే ఎనిమిది గంటల సీసా పదిన్నర దాటినా అయిపోదు. ప్యాకెట్ వెనక చూడండి అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? పసిపిల్లలకు కండరంలో ఇంజెక్షన్ ఎక్కడ అనే దానికి పిరుదు అని ఉంది! నెలల పిల్లలకు తొడ ముందు పక్క బయటి వైపు కదా వెయ్యాలి. టీకాలు వేసేటప్పుడు ఏ ఏఎన్ఎమ్‌ని అడిగినా చెబుతుంది. దాన్ని పెన్నుతో కొట్టేశాను. కాగితం చిరిగింది.

ఇక రికార్డులు. హెడింగులకు ఆకుపచ్చ స్కెచ్, బొమ్మలకు రంగు పెన్సిళ్ళు, అట్టలకు బ్రౌన్ పేపరు. గర్భసంచి బొమ్మకు బుజ్జి మొన్న ఆదివారం మూడు గంటలు పట్టించింది. కేర్ ప్లాన్లు సీనియర్ల నుంచి వచ్చినవే, పేషెంటు వయసు మారుతుంది, బెడ్ నంబరు మారుతుంది, నర్సింగ్ డయాగ్నసిస్ అదే. ఆ మూడు గంటలు వార్డులో ఒక బాలింత పక్కన కూర్చుంటే ఎంత తెలిసేది! ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి అట్ట చూస్తారు, సంతకాలు చూస్తారు. ఇంకా రాయగలను. వద్దు.

నా సంగతి.

నేను థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు లేబర్ రూములో నైట్. ఏ ఊళ్ళో, ఏ ఆస్పత్రిలో అన్నది అక్కర్లేదు. ఆదోని వైపు పల్లె నుంచి ఒకామెను ఫిట్స్‌తో తెచ్చారు, తొలి కాన్పు. ఎక్లాంప్సియా, గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్. రాత్రి ఎనిమిదికి ఫిట్స్ ఆపే మందు మ్యాగ్‌సల్ఫ్ మొదలుపెట్టారు. 4 గ్రాములు నరంలోకి నెమ్మదిగా, ఒక్కో పిరుదులో 5 గ్రాములు. తర్వాత నాలుగు గంటలకొకసారి 5 గ్రాములు, ఈసారి కుడి అయితే వచ్చేసారి ఎడమ. ఆమె దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఆ గదిలో ఆ రాత్రి ఇంకో నలుగురు నొప్పులు పడుతున్నారు. ఒకరికి నీళ్ళు, ఒకరికి బెడ్‌పాన్, ఒకరి అత్త వచ్చి ఇంకెంతసేపని తగువు. మధ్యలో వచ్చి ఛార్టు రాసేదాన్ని. తొమ్మిదికి 20. పదికి 20. పదకొండుకు 20.

మొదటిది లెక్కపెట్టాను. ప్రమాణం చేసి చెప్పగలను, మొదటిది లెక్కపెట్టాను.

పన్నెండుకు డోసు టైము. ఆ రాత్రి సీనియర్ సిస్టర్ రెండేసి మిల్లీలీటర్ల ఆంప్యూళ్ళు ఐదు విరిచి సిరంజిలోకి లాగారు. లాగి, ట్రేలో పెట్టి, నా ఛార్టు వైపు చూడను కూడా చూడకుండా ఆమె పొట్ట మీద చెయ్యి ఆనించి గోడ గడియారం వైపు తిరిగారు. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉందో నాకు ఇప్పటికీ తెలుసు. 11. హామరుతో మోకాలి కింద కొట్టారు. కాలు కదల్లేదు. రెండోది కొట్టారు. కదల్లేదు. వంగి యూరిన్ బ్యాగు చూశారు. గంటకు 30 చొప్పున నాలుగు గంటలకు 120 మిల్లీలీటర్లయినా ఉండాలి, అందులో సగం కూడా లేదు.

ఆ మందు బయటికి పోయే దారి మూత్రం ఒక్కటే. మూత్రం తగ్గితే ఒంట్లోనే నిలిచిపోతుంది. ముందు మోకాలి రిఫ్లెక్సు పోతుంది, ఆ తర్వాత ఊపిరి మందగిస్తుంది, ఆ తర్వాత గుండె. ఆమె రెండో మెట్టు దాకా వచ్చేసింది, నా ఛార్టులో మాత్రం 20.

డోసు ఆపేశారు. డాక్టరమ్మను పిలిచారు, ఆక్సిజన్ పెట్టారు, ఆ మందుకు విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పది శాతంది పది మిల్లీలీటర్లు పది నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించారు. తెల్లారేసరికి ఊపిరి 18కి వచ్చింది. అది నేను లెక్కపెట్టిన 18. బిడ్డా దక్కింది, ఆమే దక్కింది. సిస్టర్ నన్ను అందరి ముందూ ఏమీ అనలేదు. ఛార్టు నా చేతికిచ్చి, "దీన్ని నమ్మి ఉంటే నేనే కదమ్మా ఆమెకు సూది వేసేది" అన్నారు. అంతే.

ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. బుజ్జికి కూడా. చెప్పకుండా, దాని మీద అరిచాను.

ఇక్కడి దాకా రాసి మంచినీళ్ళకు లేచాను. బుజ్జి గదిలో లైటు వెలుగుతోంది. తలుపు సందులోంచి చూస్తే తన చేతిని తనే పట్టుకుని కూర్చుంది, చేతికున్న ఆ రబ్బరు బ్యాండు చూస్తూ. పోయిన పుట్టినరోజుకు మా అన్న కొనిచ్చాడే, అడుగులు లెక్కపెట్టేది. దాని అద్దం ఐదు సెకన్లకు ఆరిపోతుంది. మళ్ళీ తడితే మళ్ళీ వెలుగుతుంది. ఒక చేత్తో మనిషి మణికట్టు పట్టుకుని, కళ్ళు ఛాతీ మీద పెట్టి, ఇంకో చేతికున్న ఆ అద్దాన్ని ఐదు సెకన్లకోసారి దేనితో తట్టాలి? పల్స్ అయితే వేళ్ళకు తెలుస్తుంది, కళ్ళు అద్దం మీద పెట్టొచ్చు, ఎలాగో లాక్కొస్తుంది. ఊపిరికి కళ్ళు కావాలి. వార్డులోకి ఫోను తీసుకుపోనివ్వరు, ప్రాక్టికల్ పరీక్షలో అసలే కుదరదు. సెకన్ల ముల్లు ఉన్న వాచీ లేదు ఆ పిల్లకు. నేను అడగనూ లేదు, చూడనూ లేదు. పొద్దున పల్లె నుంచి వచ్చిన పేషెంట్లను మాత్రం "సంచిలో పాత మందులేమున్నాయి" అని ఓపిగ్గా అడుగుతాను.

ఇంకోటి కూడా తట్టింది. బుజ్జి వాళ్ళను పంపే వార్డులో నలభై మంది పేషెంట్లు, ఇద్దరు స్టూడెంట్లు. ఒక్కొక్కరికి థర్మామీటరు, పల్సు ఒక నిమిషం, ఊపిరి ఒక నిమిషం, బీపీ, రాసుకోవడం, అన్నీ ఐదు నిమిషాలకు తక్కువ కాదు. రెండు వందల నిమిషాలు. ఇద్దరూ పంచుకున్నా ఒక్కొక్కరికి గంటా నలభై. రౌండ్స్‌కు ముందు అరగంటలో అయిపోవాలంటారు. మరి ఆ అరగంటలో ఏది మాయమవుతుంది? అడిగితే పేషెంటుకు కూడా తెలియనిది, ఊపిరి. ఇది ఆ పిల్ల మొదలుపెట్టింది కాదు. నేను రాసిన 20ల నుంచి ఆ పిల్ల రాసిన 18 దాకా వరస ఉంది. అయినా చెయ్యకుండా రాయడం ఒప్పని అనలేను. నలభై మందినీ చూడలేకపోతే ఇరవై మందిని చూసి మిగతా గళ్ళు ఖాళీగా వదిలెయ్యాలి, ఖాళీ గడిని చూసి ఎవరైనా అడుగుతారు. 18 ఉన్న గడిని చూసి ఎవరూ అడగరు. ఖాళీగా వదిలితే సిస్టర్ దగ్గర తిట్లు పడతాయి. ఆ తిట్లు తినమని పద్దెనిమిది దాటిన పిల్లకు చెప్పాలంటే నాకే మనసు రావడం లేదు. కానీ చెప్పాలి.

బట్టీ పట్టడం మీద కూడా సాయంత్రం నానా మాటలూ అన్నాను. అదీ పూర్తిగా నిజం కాదు. ఆ రాత్రి సిస్టర్ ఆలోచించుకుంటూ నిలబడలేదు, మోకాలు కదలాలి, ఊపిరి కనీసం 16, మూత్రం గంటకు కనీసం 30 అని చేతులే నడిచాయి. అవి బట్టీయే. ఏ అర్ధరాత్రి లేపి అడిగినా వచ్చేలా పట్టిన బట్టీ. నాకూ ఎక్కం లాగా వచ్చు, అప్పుడూ వచ్చు. ఎందుకో కూడా వచ్చు, వైవాలో అడిగితే చెప్పి మార్కులు తెచ్చుకునేదాన్నే. అన్నీ తెలిసీ 20 రాశాను. కాబట్టి బుజ్జికి చదువు తక్కువైందని నేను అనుకున్నది తప్పు.

మంచినీళ్ళు తాగాక దాని గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. కోపంగానే ఉంది, పుస్తకంలోంచి తల ఎత్తలేదు. కాసేపటికి, "అత్తా, ఊపిరి చూస్తున్నామని పేషెంటుకు ఎందుకు చెప్పకూడదు?" అని తనే అడిగి, "తెలిస్తే మార్చేసుకుంటారు" అని తనే చెప్పింది. ఇద్దరం అమ్మ మంచం దగ్గరికి వెళ్ళాం. నా చేతి వాచీ దానికిచ్చాను. నేను గోడ గడియారం చూశాను. అమ్మ గాఢంగా నిద్రపోతోంది, దుప్పటి లేచి పడుతోంది. దానికి 15 వచ్చింది, నాకు 16. మొదటి ఊపిరిని నేను ఒకటి అనుకున్నాను, అది సున్నా అనుకుందట. మళ్ళీ చూశాం.

లేబర్ రూము సంగతి మాత్రం ఈ రాత్రికి చెప్పలేదు. పరీక్షల ముందు చెప్పాలా, తర్వాత చెప్పాలా అని ఇంకా తేలలేదు. నా పాత వాచీ, తెల్ల డయలుది, బీరువాలో ఉంది. పట్టీ తెగింది, సెల్లు కూడా వెయ్యాలి. బురుజు దగ్గర కూర్చునే వాచీలాయన రేపు ఆదివారం రాడు. సోమవారం డ్యూటీకి వెళ్తూ ఇచ్చేస్తాను.