బట్టలు మడతపెడుతూ చూసిన గేమ్

ఈరోజు ఆదివారం, పెద్దగా పనేం లేదు. గోంగూర పప్పుతో తినేసి, ఉతికిన బట్టలన్నీ సోఫా మీద కుప్ప పోసుకుని టీవీలో మా ఊరి టీమ్ టెక్సాస్ రేంజర్స్ బేస్‌బాల్ గేమ్ పెట్టా. నాన్న కూడా వచ్చి కూర్చున్నారు, ఒంగోలు నుంచి డల్లాస్ వచ్చాక ఆయనకి ఇదో కాలక్షేపం, కాకపోతే చూసేదంతా క్రికెట్ కళ్ళతోనే.

"బాల్ ఎటు పోవాలో కొట్టేవాడి చేతుల్లో ఉంటదంటావా?" అన్నారు. 95 మైళ్ల స్పీడ్‌తో వేసిన బాల్ దాదాపు 0.4 సెకన్లలో ప్లేట్ (కొట్టేవాడి ముందుండే పలక) మీదకి వచ్చేస్తది, అందులో ఖాళీ చూసి కొట్టాలంటే జపాన్ బ్యాటర్ ఇచిరో లాంటోళ్ళకే చెల్లింది. మిగతావాళ్ళకి చాలావరకు టైమింగే, లెఫ్ట్ హ్యాండర్ బ్యాట్ ముందే తిప్పితే రైట్ ఫీల్డ్‌కి పోద్ది, లేటైతే లెఫ్ట్‌కి. పిచ్చర్ (బాల్ వేసేవాడు) పనల్లా ఆ టైమింగ్‌ని చెడగొట్టడమే! సింకర్ (దగ్గరికొచ్చాక కిందకి జారే బాల్) కిందకి వేస్తే ఎక్కువగా నేల మీద దొర్లుద్ది, ఫాస్ట్‌బాల్ పైకి వేస్తే గాల్లోకి లేస్తది, అది ఇంకో సంగతి.

ఇదంతా చెప్తుండగానే ఒక ఔట్, ఫస్ట్ బేస్ మీద రన్నర్, లెఫ్ట్ హ్యాండర్ వచ్చాడు. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటోడు) గ్లవ్ బయటవైపు, మోకాళ్ళ దగ్గర పట్టాడు. "ఆఫ్ సైడ్ వేస్తున్నాడు, అటే కొడతాడు చూడు" అన్నారు నాన్న. వచ్చింది ఛేంజప్, ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బాల్. వాడేమో ఫాస్ట్‌బాల్ అనుకుని ముందే ఊపేశాడు, బాల్ పైభాగానికి తగిలి అది కాస్తా ఇటు, రైట్ వైపు సెకండ్ బేస్‌మన్ దగ్గరికే దొర్లింది, డబుల్ ప్లే, అంటే ఒకే బాల్‌కి ఇద్దరు ఔట్.

"అయితే అందర్నీ ఇటే నిలబెట్టొచ్చుగా?" 2022 దాకా అదే చేసేవాళ్ళు, దాన్ని షిఫ్ట్ అంటారు. 2023 నుంచి సెకండ్ బేస్‌కి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఇన్‌ఫీల్డర్లు (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్లు) ఉండాల్సిందే. మన కోరీ సీగర్ లెఫ్ట్ హ్యాండరే, 2022లో .245 యావరేజ్ (వెయ్యి ఛాన్సులకి 245 హిట్ల లెక్క) కొట్టినోడు 2023లో .327 కొట్టాడు, అంతా ఆ రూల్ చలవే అనను గానీ కొంత కలిసొచ్చే ఉంటది.

నాన్నకి మాత్రం నచ్చలేదు. "కొట్టడం చేతకాక ఫీల్డర్ల మీద రూలేంట్రా?" లెగ్ సైడ్ స్క్వేర్ వెనక ఇద్దర్ని మించి పెట్టకూడదని క్రికెట్‌లోనూ ఉందిగా అన్నా. "అది బాడీలైన్ వల్ల, ఒంటి మీదకేసే బౌలింగ్, అది వేరు" అని, ఎలా వేరో చెప్పకుండా నా చేతిలో రిమోట్ లాక్కున్నారు.