ఆరోసారి లేపేటప్పుడే అసలు పరీక్ష: మందు కొట్టే డ్రోన్ తనిఖీ

పది లీటర్ల వ్యవసాయ డ్రోన్ ఒక బ్యాటరీ జతతో పది నిమిషాలు అటూఇటుగా ఎగురుతుంది, ఎకరం తడుపుతుంది. పదెకరాల వరికి పదిసార్లు దింపి, నింపి, బ్యాటరీ మార్చి లేపాల్సిందే. పొద్దున మొదటిసారి ఎవరైనా శ్రద్ధగానే చూస్తారు. ఆరోసారికి ఎండెక్కుతుంది, పక్క చేను రైతు తొందరపెడతాడు, మోటారును మోసే మడత చెయ్యికి, అంటే ఆర్మ్‌కి, లాక్ సగమే పడ్డ సంగతి ఎవరికీ పట్టదు.

ముందుగా చూడాల్సింది ఆ లాకే. మరల్లో మందు ఎండి గట్టిపడితే, పూర్తిగా బిగుసుకోక ముందే బిగిసినట్టు చేతికి అనిపిస్తుంది. తడిగుడ్డతో తుడిచి బిగించి, ఆర్మ్ చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కాస్త కదిలినా ఎగరేయొద్దు. రెక్కల మొదట్లో గోరు నడిపితే కంటికి కనబడని చీలిక తెలుస్తుంది. మోటారును చేత్తో తిప్పినప్పుడు గరగర వినిపిస్తే బురద చేరిందో, బేరింగ్ పోయిందో చూడాలి.

బ్యాటరీ మొత్తం వోల్టేజీని నమ్మకండి. ఆరు సెల్లులది నిండితే 25.2 వోల్టులు, అంటే సెల్లుకు 4.2. ఒక సెల్లు మాత్రం 4.05 దగ్గర ఆగిపోయినా మొత్తం 25కి పైనే చూపిస్తుంది. నిండు ట్యాంకుతో లేచిన క్షణంలో ఆ బలహీనమైన సెల్లే ముందు కుంగుతుంది. సెల్లుల మధ్య తేడా 0.05 వోల్టు దాటితే పక్కన పెట్టేయడం మంచిది. ఉబ్బినదాన్ని అసలు వాడొద్దు. దింపగానే వేడిగా ఉన్నదాన్ని చార్జింగుకు పెట్టొద్దు.

ట్రాక్టరు, బోరు మోటారు, ఇనుప ఊచలున్న సిమెంటు దిమ్మె దగ్గర దిక్సూచి తప్పు చదువుతుంది. అక్కడే దాన్ని సరిదిద్దితే (కాలిబ్రేట్ చేస్తే) ఆ తప్పే ఖాయమవుతుంది. గాల్లో నిలవాల్సిన డ్రోన్ గుండ్రంగా తిరుగుతూ వలయం పెద్దది చేసుకుంటూ పోతే, మొదట అనుమానించాల్సింది దిక్సూచినే. వెంటనే దించేయాలి.

ఇక కరెంటు తీగలు. గట్టు మీంచి స్తంభాలు కనబడతాయి గానీ తీగలు కనబడవు, స్టే వైరైతే మరీను. చేను చుట్టూ ఒకసారి నడవాలి, వేరే దారి లేదు. సిగ్నల్ తెగితే డ్రోన్ ముందు పైకి లేచి, ఆ తర్వాతే ఇంటిదారి పడుతుంది. తీగ కింద ఉండగా తెగితే మనల్ని కాపాడాల్సిన ఆ ఏర్పాటే దాన్ని తీగకు కొడుతుంది. కాబట్టి హద్దు గీసేటప్పుడే తీగలకు కనీసం 10 మీటర్లు వదలండి. తిరిగొచ్చే ఎత్తు చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లను మించాలి. గట్టు మారితే డ్రోన్ తిరిగొచ్చి దిగే చోటు, అంటే హోమ్ పాయింట్ కూడా మారిందో లేదో తెర మీద చూసుకోవాలి.

మందు పోసే ముందు అర లీటరు మంచినీళ్లతో పంపు నడిపి నాజిళ్లన్నీ ఒకే తీరుగా తుంపర వేస్తున్నాయో చూడండి. పొడి మందులైతే బకెట్లో కలిపి గుడ్డతో వడకట్టాకే ట్యాంకులో పోయాలి.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఈ బరువు తరగతి డ్రోన్‌కి గుర్తింపు సంఖ్య, నడిపేవాళ్లకి, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. ట్యాంకు నింపాక మొత్తం బరువు 25 కిలోలు దాటితే తరగతే మారిపోతుంది. చేను ఉన్న చోట ఎగరేయడానికి అనుమతి కావాలో లేదో తెలిపే జోన్ ఏదో, ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ పటంలో ముందురోజే చూసుకోవచ్చు.

లేపాక రెండు మీటర్ల ఎత్తున పదిహేను సెకన్లు నిలపండి. చెవి రిక్కించండి. ఒక మోటారు స్వరం తేడాగా ఉంటే మందు కొట్టకుండా దించండి.