ఇంటర్‌సెప్ట్ అంటే అడ్డుకోవడమేనా?

ఇంటర్మీడియట్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఒక పత్రిక డెస్కులో ట్రెయినీగా చేరాను. ఇంగ్లిష్‌లో వచ్చే ఏజెన్సీ వార్తల్ని తెలుగులో రాయడం నా పని. చేరిన రెండో వారంలో, పోలీసులు నిందితుల ఫోన్ కాల్స్‌ని ‘ఇంటర్‌సెప్ట్’ చేశారని ఒక వార్త వచ్చింది. డిక్షనరీ తీస్తే ‘అడ్డగించు’ అని ఉంది. ‘నిందితుల ఫోన్ కాల్స్‌ను పోలీసులు అడ్డుకున్నారు’ అని రాసి పంపేశాను.

డెస్క్ ఇన్‌ఛార్జి పిలిచారు. ‘‘కాల్స్ అడ్డుకుంటే వాళ్లేం మాట్లాడుకున్నారో పోలీసులకు ఎలా తెలిసిందమ్మా?’’ అన్నారు. కింది పేరాలో ఆ సంభాషణంతా ఉంది, అదీ నేను రాసిందే. సమాధానం చెప్పలేక నిలబడిపోయాను.

ఆ మాట నన్ను వదల్లేదు. లాటిన్‌లో ‘ఇంటర్’ అంటే మధ్య, ‘కాపెరె’ అంటే పట్టుకోవడం. రెండూ కలిసి పుట్టిన మాట ఇది. ఆపడమనేది ఆ మూలంలో ఎక్కడా లేదు. ఆపడం ఒక్కోసారి దాని ఫలితం, అంతే. ఇక 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం ఐదో సెక్షన్ చదివాక నా తప్పు స్పష్టంగా కనబడింది. సందేశాన్ని ముందుకు పంపకుండా ఆపడం, ఇంటర్‌సెప్ట్ చేయడం, నిలిపి ఉంచడం, ప్రభుత్వానికి వెల్లడించడం అని అందులో విడివిడిగా రాశారు. ఆపడం, ఇంటర్‌సెప్ట్ చేయడం రెండూ ఒకటే అయితే విడిగా రాయాల్సిన పనేముంది? ఫోన్ విషయంలో మాట అవతలి వాళ్లకు చేరుతూనే ఉంటుంది, మధ్యలో ఇంకొకరి చెవినా పడుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ మాట నాకు కొత్త కాదని. ఇంటర్ లెక్కల్లో సరళరేఖ సమీకరణానికి అంతరఖండ రూపం నేర్చుకున్నాం కదా, ఎక్స్ బై ఏ ప్లస్ వై బై బి ఈక్వల్ టు వన్. ఆ అంతరఖండమే ఇంగ్లిష్‌లో ఇంటర్‌సెప్ట్. సరళరేఖ అక్షాన్ని ఖండిస్తుంది కానీ అక్కడ ఆగదు, దాటి పోతూనే ఉంటుంది. (నామవాచకంగా పలికేటప్పుడు మొదటి అక్షరం మీద ఒత్తు, క్రియగా పలికితే చివర. ఇదీ అప్పుడే తెలిసింది.)

నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం మా అన్న వల్ల. కాలేజీ నుంచి మార్కుల కార్డు పోస్టులో వచ్చే రోజుల్లో వాడు చెరువుగట్టు దాకా పోస్ట్‌మ్యాన్‌కి ఎదురెళ్లేవాడు. నాన్న చేతికి వెళ్లాల్సిన కార్డు అక్కడే వాడి చేతిలో పడేది. పంపినవాళ్లు ఒకరు, అందుకోవాల్సినవాళ్లు ఒకరు, నడిదారిలో చెయ్యి చాపినవాడు మూడోవాడు. ఈ ముగ్గురూ కనబడితే ఇంటర్‌సెప్ట్ సరిపోతుంది. మాట్లాడేవాళ్లని మధ్యలో ఆపితే అది ఇంటరప్ట్. కదలకుండా ఉన్నదాన్ని ఇంటర్‌సెప్ట్ చేయలేం.

అప్పట్నుంచి ఈ మాట వచ్చినప్పుడల్లా ముందు ఏం ప్రయాణిస్తోందో, పట్టుకున్నాక దానికేమైందో చూస్తాను. తెలుగు మాట దాన్ని బట్టే దొరుకుతుంది. 2006 నవంబర్ 27న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ఒడిశా తీరం దగ్గర చేసిన పరీక్షలో, దూసుకొస్తున్న పృథ్వి క్షిపణిని మరో క్షిపణి ఎదురెళ్లి కొట్టింది. అక్కడ ‘గగనతలంలోనే కూల్చేసింది’ అంటే చాలు. ఫుట్‌బాల్‌లో అయితే ‘పాస్‌ని మధ్యలోనే అందుకున్నాడు’. గంజాయి లారీ వార్తకి మా నాయనమ్మ మాట పనికొచ్చింది, ‘అటకాయించి పట్టుకున్నారు’. పొలం నుంచి వచ్చేవాళ్లని దారిలో నిలేస్తే ఆవిడ అలాగే అనేది.

ఫోన్ వార్త ఆ రాత్రే దిద్దాను. ‘నిందితుల ఫోన్ సంభాషణలను పోలీసులు రహస్యంగా విన్నారు’ అని మార్చి ఇస్తే, ఇన్‌ఛార్జి చదివి, ఏమీ దిద్దకుండా పేజీకి పంపారు.