అదే బోరు, అదే నెల

వానలు పడకముందు నీటి నమూనాలు తీసేందుకు బయల్దేరిన ఒక చిన్న బృందంతో కలిసి, మే నెలలో నల్లగొండ నుంచి మర్రిగూడకూ, మరునాడు మూసీ వెంట వాడపల్లికీ వెళ్లివచ్చాను. డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లు రసాయనశాస్త్రం బోధించిన నాకు, మా జిల్లా నీటిని ఏటేటా ఒకే చోట, ఒకే కాలంలో పరీక్షించే పని ఎలా సాగుతుందో కళ్లారా చూడాలన్న కోరిక ఎప్పటినుంచో ఉంది.

మునుగోడు, చండూరు దాటిన తరువాత బత్తాయి తోటల మధ్య నుంచి గుండ్లు, రాతిగుట్టలు తలలెత్తి కనిపిస్తాయి. ఎముకలను వంచేసే మా ఫ్లోరైడ్ కథంతా ఆ గ్రానైట్‌లోనే ఉంది. బయొటైట్, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలున్న ఆ రాతి పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలిచి క్షారగుణం పొందుతుంది. అందులోని కాల్షియం సున్నపు పొరగా విడిపోయేకొద్దీ ఫ్లోరైడ్‌ను అదుపులో ఉంచేదేదీ మిగలక ఫ్లోరైట్ మరింతగా కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ పరిమితిని ఎన్నో రెట్లు మించిన నీటిని ఈ పల్లెలు తరాలుగా తాగాయి.

మొదటి నమూనా ఊరి నడుమనున్న బోరింగుది. గొట్టంలో నిలిచిన నీరంతా పోయి, విద్యుత్ వాహకత మీటరులో అంకె నిలకడకు వచ్చేదాకా ఇద్దరు మార్చి మార్చి కొట్టారు. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, తేదీ, సమయం, బావి సంఖ్య రాశారు. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది కనుక ఆ సీసా ప్లాస్టిక్‌దే కావాలి. లోహాల పరీక్షకు వేరే సీసాలో కొద్దిగా నత్రికామ్లం కలిపారు.

నడుము వంగి, మోకాళ్ల మీద చేతులానించి నడిచే ఒక అవ్వ దగ్గరికొచ్చి, "గీ నీళ్లు తాగుతలేం గద సారూ, నల్లా నీళ్లే తాగుతున్నం. మల్లెందుకు వచ్చిన్రు?" అని అడిగింది. "నువ్వు తాగకున్నా బర్లు తాగుతున్నయి అవ్వా, చేన్లకు పారుతున్నయి. మంచిగయితున్నయో, చెడిపోతున్నయో తెల్వాలంటే గీ బోరింగు కాడికే రావాలె" అన్నాడు బృందంలోని యువకుడు. ఆమె తల ఊపి, వాళ్లు సంచి సర్దుకునేదాకా అక్కడే నిలబడింది.

అవ్వ అడిగినదే పై స్థాయిలోనూ కొందరు అడుగుతున్నారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ పథకంతో కృష్ణా నీరు ఈ పల్లెలకు చేరింది. అది చిన్న మేలు కాదు. అయినా తాగడం మానిన నీటిని పరీక్షించడం కూడా మానేయవచ్చన్న వాదనను నేను ఏమాత్రం ఒప్పుకోలేను. పైపు పగిలిన రోజున జనం మళ్లీ ఆ బోరింగు దగ్గరికే వెళతారు.

మధ్యాహ్నం చింతచెట్టు కింద పాత రిజిస్టరు తిరగేశాను. ఒక ఊరి పేరు మీద ఫ్లోరైడ్ విలువలు చాలాకాలం ఒక తీరుగా సాగి, ఒక ఏడాది నుంచి హఠాత్తుగా పెరిగాయి. ఊళ్లో విచారిస్తే తెలిసింది: పాత బోరు ఎండిపోవడంతో పక్క వీధిలో ఇంకా లోతుగా వేసిన కొత్త బోరు నుంచి నీరు తీస్తూ, పాత సంఖ్య కిందే రాస్తూ వచ్చారు. పెరిగినది ఫ్లోరైడా, లోతా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. "బోరు మారింది" అన్న రెండు మాటలు రాసి ఉంటే అన్నేళ్ల శ్రమ నిలిచేది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు కొన్ని బావుల సంఖ్యలు కూడా మారాయి. పాత సంఖ్యను పక్కన రాసుకున్న చోటే గీత తెగకుండా సాగింది.

వానలు పడితే నీరు పలచబడి ఫ్లోరైడ్ తగ్గుతుందని నేనూ అనుకునేవాణ్ణి. నేలలో పేరుకున్న లవణాలను తొలి వానలు కిందికి దింపినప్పుడు కొన్ని బావుల్లో అది పెరగడమూ ఉంది. అందుకే వానకు ముందొకసారి, తరువాత ఒకసారి చూడాలి.

మరునాడు మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురుగును మోసుకొచ్చి, సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే నది ఇది. నీటిలో కరిగిన ఆక్సిజన్ ప్రయాణంలో మారిపోతుంది గనుక ఒడ్డునే మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ కలిపి దాన్ని పట్టి ఉంచాలి; ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం, లేకుంటే తెల్లటిది వస్తుంది. వలిగొండ దగ్గర కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) కింద నురగ తేలుతున్న నీటిలో అది దాదాపు తెల్లగానే దిగింది. నా విద్యార్థులకు ఎన్నోసార్లు చూపిన రంగే అయినా, ఆ నీటితోనే వరి పారుతున్న మడి పక్కన నిలబడి చూసినప్పుడు చాలాసేపు మాట రాలేదు. సాయంత్రం వాడపల్లి సంగమానికి ఎగువన, గుడి మెట్లకు కాస్త దూరంలో తీసిన సీసాలో గోధుమరంగు చిక్కగా దిగింది. దారిలో కత్వలు, పొలాలు, ఎండ, గాలి నదిని కొంత కోలుకోనిచ్చాయి. ఎంత కోలుకుందన్నది ప్రయోగశాలలో టైట్రేషన్ (రసాయనాన్ని కొలిచి కలుపుతూ మోతాదు తేల్చే పరీక్ష) అయ్యాక రిజిస్టరుకు ఎక్కుతుంది.

మంచుపెట్టెలో సీసాలు సర్దుతూ ఆ యువకుడు నవంబరులో మళ్లీ వస్తారా సార్ అని అడిగాడు. వస్తానన్నాను. తీసిన చోటు గుర్తుండేందుకు మెట్ల వరుసలను లెక్కబెట్టి, నా నోటుబుక్కులో కూడా రాసుకున్నాను.