దిమాపూర్ ఆట: దాణా లెక్క దగ్గరే ఆగింది

1944 ఏప్రిల్, రెండో ప్రపంచయుద్ధం. జపాన్ సైన్యం బర్మా నుంచి ఇండియా మీదికి వచ్చింది. బ్రిటిష్ సరుకు డిపో ఉన్న దిమాపూర్ మీదికి పొమ్మన్న జపాన్ జనరల్ ముతాగుచి ఆదేశాన్ని అతని పైఅధికారి కవాబే రద్దు చేయలేదనుకుందాం. బోర్డు మీద మేం ఆడే యుద్ధపు ఆట అక్కడ మొదలవుతుంది. ఈసారీ జనరల్ సాతో నడిపే జపాన్ 31వ డివిజన్, దిమాపూర్ దారిలోని కోహిమా దాటకముందే ఆకలితో ఆగిపోయింది. బర్మాలోని చింద్విన్ నదిని దాటే రేవు నియమం ఆటలో బాగా కుదిరింది, కోహిమా ముట్టడి కూడా. మొండికేసిందల్లా తిండి మోసే కంచరగాడిదల వరసే.

చింద్విన్ ఒడ్డునున్న హోమలిన్ నుంచి కోహిమా నక్షపై నేరుగా 120 కిలోమీటర్లు, కొండదారి వంకరలకు 190 పెట్టాం. 15,000 మందికి తలకు 800 గ్రాముల బియ్యం, అంటే రోజుకు 12 టన్నులు. గుండ్లు ఇంకా కలపనే లేదు. గాడిద మోత 72 కిలోలు, నడక రోజుకు 15 కిలోమీటర్లు. పోవడానికి 13 రోజులు, రావడానికి 13.

దాణా రోజుకు 4 కిలోలు పెడితే 104 కిలోలు కావాలి, మోతకంటే ఎక్కువ! సగం దారిగడ్డితో సరిపెట్టి 2 కిలోలకు దించాం: 52. రెండు గాడిదలకు ఒక తోలేవాడు, వాడి తిండి వాటా 10.4. కోహిమాలో దిగేది 9.6 కిలోలే. అంటే రోజుకు 1,250 గాడిదలు బయల్దేరాలి, దారిలో ఎప్పుడూ 32,500 ఉండాలి. ఒక్క డివిజన్‌కు ఇది అసాధ్యం. పైగా వానలకు నడక 12.6 కిలోమీటర్లకు పడిందా, చేరేది సున్నా.

మజిలీలు పెట్టి అంచెలుగా మోయించినా మారదు, తినే రోజులు అవే. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు 20 కిలోమీటర్లు నడిపిస్తే 16.8 కిలోలు మిగులుతాయి, అప్పుడూ 16,000 పైనే కావాలి. తిరిగి పంపకుండా కోసి తింటే 40.8 దిగుతాయి కానీ రోజుకు 300 జంతువులు పోతాయి. చింద్విన్ అవతల అన్ని ఎక్కడివి? నా అనుమానం దారిగడ్డి మీద: అదే దారిన వెనక వచ్చే గుంపుకు గడ్డి మిగలదు, 2 కిలోలు కూడా ఉదారమే. సైనికులు వీపున మోసుకెళ్ళిన మూడు వారాల తిండి కోహిమా చేరేసరికే అయిపోతుంది.

అందుకే ‘సరఫరా ఉంది, లేదు’ అని గీత గీసి వదిలేసే హెక్స్ (ఆరు భుజాల గళ్ళ నక్ష) ఆటలు నాకు నచ్చవు. ఈ లెక్కకు లిబ్రేఆఫీస్ కాల్క్ స్ప్రెడ్‌షీట్ చాలు, బోర్డు ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే వాసల్‌లో మాడ్యూల్ చేయడం తర్వాత. కోఠీలో నక్ష ప్రింట్ వేయించేవాళ్ళు ఫ్లెక్స్ వద్దు, మ్యాట్ సన్‌బోర్డు తీసుకోండి. ఫ్లెక్స్ మడత దగ్గర హెక్స్‌లు పక్కకు జరుగుతాయి.

తర్వాతి ఆటలో దిమాపూర్ డిపోను జపాన్‌కు ముందే ఇచ్చేస్తాం. బియ్యం, పెట్రోలు, లారీలు దొరుకుతాయి, వాళ్ళ 75 మిల్లీమీటర్ల కొండ ఫిరంగికి గుండ్లు దొరకవు. దిమాపూర్ మీదుగా పోయే మీటర్‌గేజ్ రైలు లైను తెగితే లెడోలో అమెరికన్ జనరల్ స్టిల్‌వెల్‌కూ సరుకు ఆగుతుంది కాబట్టి, ఆ లైను సరుకు బ్రహ్మపుత్ర దాటే పాండు–అమీన్‌గావ్ రేవును కూడా బోర్డు మీదికి తేవాలి. దానికి పడమటి వైపు ఇంకో షీటు అతికించాలి.