టౌన్‌హాల్‌లో మాట, బడ్జెట్‌లో పద్దు

అమెరికాలో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి మనిషి చనిపోగానే అందరి చూపూ అధ్యక్షుడి మీదే. కానీ అక్కడ దాదాపు 18,000 పోలీసు విభాగాలున్నాయి. అత్యధికం నగరాలవీ, కౌంటీలవీ. వాటికి ఆయన నేరుగా ఆదేశాలివ్వలేడు. చేతిలో ఉన్నవి కేంద్ర నిధులు, న్యాయశాఖ, మాట.

పోలీసుల పనితీరుపై 2014 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు ఒబామా వేసిన టాస్క్‌ఫోర్స్ బహిరంగ విచారణలు జరిపి 2015 మేలో తుది నివేదిక ఇచ్చింది. మంచి నివేదికే, కానీ సిఫార్సులను పాటించి తీరాలన్న నిబంధన లేదు. అసలు పట్టు 1994 చట్టంలో ఉంది. ఒక విభాగంలో హక్కుల ఉల్లంఘన అలవాటుగా సాగుతోందని తేలితే న్యాయశాఖ దావా వేయొచ్చు. నగరం రాజీకొస్తే ఆ ఒప్పందం అమలును ఫెడరల్ జడ్జి పర్యవేక్షిస్తారు.

మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్ నగరాన్నే చూడండి. 2015 నాటి లెక్కల్లో నల్లజాతివారు జనాభాలో 67 శాతం, అరెస్టుల్లో 93 శాతం. న్యాయశాఖ 2015 మార్చి నివేదికలో ఒక మహిళ ఉదంతం గుండెను పిండేస్తుంది. 2007లో కారు తప్పుగా పార్క్ చేసినందుకు 151 డాలర్ల జరిమానా, పైన ఫీజులు. కట్టలేక, కోర్టుకు రాలేక, ఆరు రోజులు జైల్లో ఉంది. ఏడేళ్లలో 550 డాలర్లు కట్టినా ఇంకా 541 బాకీ!

నగర ఖజానా జరిమానాల మీద ఆధారపడినంతకాలం మేయరు జనంతో ఎన్ని టౌన్‌హాల్ సభలు పెట్టినా పోలీసు మీద వసూళ్ల ఒత్తిడి తగ్గదు. అందుకే అలాంటి సభకు వెళ్లేవారు ముందుగా మూడు కాగితాలు అడగాలి: జాతులవారీగా వాహన తనిఖీల లెక్క, బడ్జెట్‌లో జరిమానాల పద్దు, పోలీసు యూనియన్ ఒప్పందంలో క్రమశిక్షణ నిబంధనలు. మూడోది చాలామంది అడగరు. తప్పుచేసిన అధికారిపై చర్య చాలాసార్లు ఆగిపోయేది అక్కడే.