సిలికాన్ ఆయిల్: అన్నీ దారికొచ్చాయి, ట్రెడ్‌మిల్ తప్ప

ట్రెడ్‌మిల్ బెల్టు మళ్ళీ జారింది. గంటకు 6 కిలోమీటర్ల వేగంలో, 18వ నిమిషం నుంచి, కుడికాలు పడ్డ ప్రతిసారీ బెల్టు ఒక్క క్షణం ఆగి గుంజుకుంటోంది. ఇది నాలుగో ప్రయత్నం. మూడో ప్రయత్నం తర్వాత మూడు రోజులు బుద్ధిగా తిరిగింది కాబట్టి ఇంకా చిరాకు.

సిలికాన్ ఆయిల్‌తో చేసిన మిగతా పనులు ఒక్క ముక్కలో: యూపీవీసీ కిటికీల రబ్బరు సీళ్ళు, దోమతెర షట్టర్, కర్టెన్ రాడ్ నైలాన్ రన్నర్లు, కారు డోర్ రబ్బర్లు, అన్నీ గుడ్డ మీద నాలుగు చుక్కలతో కుదిరాయి. కిటికీ ట్రాక్‌లో మాత్రం పోయొద్దు, దుమ్ము తడిసి ముద్ద కడుతుంది. ట్రాక్ పొడిగా ఊడ్చి సీలుకే రాయాలి. సిలికాన్ రబ్బరు గాస్కెట్లకూ పూయొద్దు. తన జాతి నూనె తాగి అవి ఉబ్బుతాయి. ఇనుము మీద ఇనుము రాసుకునే గడియలకు, మడతబందులకు ఇది పనికిరాదు. బరువు పడితే పొర నిలవదు, అక్కడ మామూలు మెషిన్ ఆయిలే నయం.

ఇక అసలు తలనొప్పి. ఇంట్లో వాడే చిన్న ట్రెడ్‌మిల్, నడిచే మనిషి 72 కిలోలు. బెల్టు ఎండిపోయినప్పుడు 5 కిలోమీటర్ల వేగంలో మోటారు లాగే కరెంటును కొలిచే క్లాంప్ మీటర్ 4.9 ఆంపియర్లు చూపింది. 100 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత, అంకె పెరిగేకొద్దీ చిక్కన) నూనె 30 మి.లీ. సిరంజితో బెల్టు కింద వేశాక 2.8కి దిగింది. సంబరం ఒక్క పూటే. మర్నాడు రెండో నిమిషం నుంచే జారుడు.

మోటారు నుంచి రోలర్‌ను తిప్పే చిన్న మోటారు బెల్టు జారుతోందా, రోలర్ మీద తిరిగే, మనం నడిచే బెల్టు జారుతోందా అన్నది ముందు తేలాలి. ట్రెడ్‌మిల్ ముందువైపు మూత విప్పి రోలర్ అంచున చాక్‌పీసుతో గీత పెట్టాను. కాలు పడ్డప్పుడు గీత తిరుగుతూనే ఉంది, బెల్టు ఆగింది. కాబట్టి రోలర్‌కూ నడిచే బెల్టుకూ మధ్యే పట్టు లేదు. రోలర్ కూడా ఆగి మోటారు ఒక్కటే తిరిగుంటే మోటారు బెల్టును అనుమానించాలి. మూత విప్పి నడిపేటప్పుడు చేతులు, వదులు బట్టలు దూరంగా ఉండాలి.

రెండో ప్రయత్నంలో బెల్టు బిగింపు పెంచాను. వెనక రెండు బోల్టులూ 6 మి.మీ. అలెన్ కీతో పావు చుట్టు, తర్వాత ఇంకో పావు. జారుడు తగ్గినట్టే అనిపించింది గానీ కరెంటు 3.3కి పెరిగింది. అంటే భారం బేరింగుల మీద పడుతోంది. రెండు పావులూ వెనక్కి తిప్పేశాను.

మూడోసారి ప్లగ్ పీకి రోలర్ తుడిచాను. ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిస్తే మెరిసింది, వేలు పెడితే జారింది. ఈ నూనె ఐపీఏలో సరిగా కరగదు, పలచగా పరుచుకుంటుంది అంతే. పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ గుడ్డకు పట్టించి మూడుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడిచాక రోలర్ కిర్రుమంది. కిటికీలు తెరిచి, వాసన పూర్తిగా పోయాకే ప్లగ్ పెట్టాలి. ఆ మూడు రోజుల సుఖం దీని పుణ్యమే.

మళ్ళీ నూనె ఎక్కడినుంచి వచ్చింది? బెల్టు లోపలి వైపు గుడ్డనేత ఉంటుంది, అది తాగింది. తిరిగిన ప్రతి చుట్టుకూ రోలర్‌కు మళ్ళీ పూస్తోంది. నాలుగోసారి పొడి నూలుగుడ్డను మీటరు స్కేలుకు చుట్టి, బెల్టుకూ బోర్డుకూ మధ్య దూర్చి, బెల్టును చేత్తో తిప్పుతూ నాలుగు చుట్లు తుడిచాను. వంటింటి కాటా మీద గుడ్డ 11 గ్రాములు బరువెక్కింది. సాంద్రత 0.97 కాబట్టి 11 మి.లీ. పైనే. వేసిన దాంట్లో మూడో వంతుకు మించి వెనక్కొచ్చిందంటే ఎంత అతిగా పోశానో చూడండి. పోసే ముందే పాత నూనె ఉందో లేదో బెల్టు ఎత్తి, వేలితో తడిమి చూడాల్సింది. ఆ తర్వాత రోలర్‌ను మళ్ళీ టర్పెంటైన్‌తో తుడిచాను.

జారుడు రెండో నిమిషం నుంచి 18వ నిమిషానికి జరిగింది. వేడికి నూనె పలచబడిందనుకుంటే లెక్క సరిపోవడం లేదు. బెల్టు అడుగు 31 నుంచి 46 డిగ్రీలకు వెళ్ళింది. ఆ తేడాకు సిలికాన్ పెద్దగా మారదు, మినరల్ ఆయిల్ అయితే సగానికి సగం పలచబడేది. బెల్టును మధ్యలో పట్టి పైకి లాగి కొలిస్తే అసలు సంగతి కనబడింది: చల్లగా ఉన్నప్పుడు 6 సెం.మీ. లేచింది, ఆపిన వెంటనే 7.5. బెల్టులోని పీవీసీ ప్లాస్టిక్ వేడికి మెత్తబడి సాగుతోంది. మిగిలిన నూనె పొర, వదులైన బెల్టు, రెండూ కలిసి చేస్తున్న పని ఇది. రెండో ప్రయత్నంలో చల్లటి బెల్టును బిగించి అర చుట్టు ఎక్కువ తిప్పడం నా తప్పే.

ఒక మాట స్ప్రేల గురించి. తుప్పు వదిలించడానికి వాడే డబ్ల్యూడీ-40 స్ప్రే మామూలు డబ్బా సిలికాన్ కాదు, సిలికాన్ అని రాసి ఉన్న వాళ్ళ డబ్బా వేరు. ఏ కంపెనీదైనా స్ప్రే ట్రెడ్‌మిల్‌కు నాకు నచ్చదు: ద్రావకం ఎంత, నూనె ఎంత తెలీదు, సగం గదంతా ఎగురుతుంది. పలకరాళ్ళ మీద పడితే కాలు జారుతుంది. చెక్క మీద పడితే తర్వాత వేసే పాలిష్ గుంటలు గుంటలుగా విడిపోతుంది. సీసా, సిరంజి చాలు.

ఐదో ప్రయత్నం ఆదివారం: 15 నిమిషాలు నడిచి, బెల్టు వేడిగా ఉండగానే రెండు వైపులా పావు చుట్టే బిగించి, లేచే ఎత్తు, కరెంటు రాసుకోవాలి. 3 ఆంపియర్లు దాటితే వెనక్కి. కుదిరితే అప్పుడు 350 సెంటీస్టోక్స్ నూనె, 5 మి.లీ. మాత్రమే, పాదాలు పడే నడిమి పట్టీలోనే. చిక్కనిది అంచులకు నెమ్మదిగా పాకుతుందని ఆశ. మిగిలిన నూనెతో పాత రేడియో వాల్యూమ్ నాబ్ కాస్త బరువుగా తిరిగేలా చేయొచ్చేమో గానీ దానికి 350 చాలదు, ఎన్నో రెట్లు చిక్కనిది కావాలి. ఆ సీసా ధర ఇంకా కనుక్కోలేదు.